నాలుగు డబ్బాల వెర్నా

శనివారం పొద్దున మా ఊళ్లో ఎవరినైనా కలవాలంటే చెత్త డంపుకు వెళ్లాలి. సెనేటుకు పోటీ చేసేవాళ్లు కూడా ఓట్ల కోసం అక్కడికే వస్తారు. చేతులు కలపబోయి, మా చేతుల్లో ఏముందో చూసి, మర్యాదగా తమ చేతులు జేబుల్లో పెట్టుకుంటారు. ఇళ్లు విసిరేసినట్టుండే ఈ వెర్మాంట్ కొండల్లో చెత్త బండి ఎవరి గుమ్మానికీ రాదు. మన చెత్త మనమే మోసుకెళ్లాలి, పదిమంది ముందు విప్పి, ఏది ఏ డబ్బాలో వెయ్యాలో చూసుకుని మరీ వెయ్యాలి. పరువుగా బతకడానికి ఇంతకంటే కట్టుదిట్టమైన ఏర్పాటు నాకు తెలియదు.

ఆ డంపుకు అధికారి వెర్నా పెల్కీ. డెబ్బై ఒకటో ఏడు. నారింజ రంగు చొక్కా, చెవుల మీదికి దిగే టోపీ, కొత్తగా వేయించుకున్న రెండు మోకాళ్లు. ముప్ఫై ఏళ్లు బడి బస్సు నడిపింది. ఊళ్లో నలభై దాటినవాళ్లు చాలామంది ఒకప్పుడు ఆ బస్సులో అల్లరి చేసి, అద్దంలోంచి ఆవిడ చూసిన చూపుకి నోరు మూసుకున్నవాళ్లే. ఇప్పుడు వాళ్లే పెద్ద పెద్ద కార్లలో వచ్చి, జామ్ సీసాను కడక్కుండా గాజు డబ్బాలో వేయబోతారు. వెర్నా ఏమీ అనదు, చూస్తుంది. వాళ్లు సీసాను మళ్లీ కార్లో పెట్టుకుని ఇంటికెళ్లి కడుక్కొస్తారు. ఒకసారి నేనూ కడుక్కొచ్చాను. నాకు యాభై రెండేళ్లు.

మా ఊరి వారపత్రిక కార్బీ కూరియర్‌లో నేను పని చేస్తాను. ఎడిటరు గారు చలికాలమంతా ఫ్లోరిడాలో ఉంటారు కాబట్టి నవంబరు నుంచి ఏప్రిల్ దాకా పత్రికంటే నేనే. పెళ్లి వార్తలు, చావు కబుర్లు, తప్పిపోయిన కుక్కలు, అచ్చుతప్పులు, అన్నీ నావే. వెర్నా వ్యాసం మాత్రం ఆవిడది. పన్నెండేళ్లుగా ప్రతి గురువారం నాలుగో పేజీలో 'నాలుగు డబ్బాలు' వస్తోంది. అందులో ఆవిడ వాషింగ్టన్ నుంచి ఆ వారం వచ్చిన రాజకీయాలను వేరు చేసి డబ్బాల్లో వేస్తుంది.

ఆ వ్యాసం డంపులోనే పుట్టింది. వెర్నా తన జన్మలో పత్రిక కొనలేదు. జనం పారేసినవి కాగితాల డబ్బా పక్కన కుర్చీ వేసుకుని చదివేది. అంటే ఆవిడ చేతికి వార్త వారం ఆలస్యంగా వస్తుంది. వార్తను ఒక వారం నిలవ ఉంచితేగాని దాని వాసన తెలియదని ఆవిడ అనేది. చదివి, ఎవరు కనబడితే వాళ్లకు రెండు ముక్కలు చెప్పేది. ఆ రెండు ముక్కల కోసం జనం చెత్త లేకపోయినా రావడం మొదలుపెట్టారు. అది చూసి నేనే రాయమన్నాను. జీవితంలో నేను చేసిన మంచి పనులు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు, ఇది బొటనవేలు.

మొదటి డబ్బా మళ్లీ వాడేవి. ఒకసారి అందులో ఇలా వేసింది: "ఆరోగ్య బీమాకు ఇంతకంటే మంచి పథకం రెండు వారాల్లో తెస్తామన్నారు. ఈ రెండు వారాలు నాకు పాత పరిచయం. మొదటిసారి విన్నప్పుడు నా మోకాళ్లు రెండూ సొంతవి."

రెండోది కుళ్లేవి. "బడిపిల్లల భోజనానికి కోత పెట్టే కమిటీ, ఆ చర్చను భోజనం కోసం గంటన్నర ఆపింది. వేడివేడిగా తిన్నారట. తర్వాత వచ్చి కోత పెట్టారు."

మూడోది విషాలు. "ప్రశ్న అడిగిన విలేకరిని గదిలోంచి పంపేశారు. దీన్ని మామూలు చెత్తలో కలపకండి. రసాయనాలు తీసుకెళ్లే లారీ ఏడాదికి ఒక్కసారి వస్తుంది. అప్పటిదాకా మూత పెట్టి, పిల్లలకు అందకుండా ఉంచండి."

నాలుగోది డబ్బా కాదు, షెడ్డు. మనకు అక్కర్లేనిది ఇంకొకరికి పనికొస్తుందని డంపులో పెట్టి వెళ్లే షెడ్డు ఒకటుంది. కుర్చీలు, కుండీలు, కాఫీ కాచే సామాను. వెర్నా మెచ్చుకోదలిచిన వార్తలు అక్కడ పెట్టేది. "ఒక సెనేటరు తాను బిల్లు చదవకుండా ఓటేశానని ఒప్పుకున్నాడు. అంచు కొంచెం పగిలింది గానీ వాడుకోవచ్చు."

వెర్నా ఏ పక్షమో ఇక చెప్పనక్కర్లేదు. ఆవిడకు ఎదురు పక్షం హార్లన్ స్ట్రౌడ్. ఆవులు అమ్మేసి, మేపుల్ చెట్ల నీరు కాచి పాకం తీసి బతికే మనిషి. ఆవిడ ఈడువాడే, కాబట్టి ఆ బస్సు ఎక్కలేదు, ఆ చూపుకు భయపడడు. ప్రతి శనివారం తొమ్మిదింటికి ఎర్ర ట్రక్కులో వస్తాడు. చెత్త వేయడానికి ఐదు నిమిషాలు, వెర్నా వ్యాసంలో తప్పులెన్నడానికి గంట. అతను ఆవిడను కామ్రేడ్ అంటాడు, ఆవిడ అతన్ని సెనేటరు గారూ అంటుంది. ఇద్దరూ ఆ మాటలను తిట్లుగానే వాడతారు.

అసలు సంగతి హార్లన్ ట్రక్కు అద్దం పైన, ఎండ పడకుండా కిందికి దించే అట్టకు గుచ్చి ఉండేది. వెర్నా మొదటి వ్యాసం చివరి వాక్యం. కత్తిరించి పెట్టుకున్నాడు. పన్నెండేళ్లకు పసుపెక్కింది. "ఇందులో ఎవరిమీదైనా నేను తప్పు రాసిన వారమే ఈ డబ్బాలకు తాళం వేసి ఇంటికి పోతాను." పన్నెండేళ్లలో ఆరువందల పైచిలుకు వ్యాసాలు. హార్లన్ గుణింతాలతో సహా వెతికాడు. అభిప్రాయం నచ్చలేదని ఆరువందల సార్లు అన్నాడు గానీ, తప్పు దొరకలేదు. కొన్ని ఊళ్లకు నోబెల్ బహుమానాలు పొందినవాళ్లున్నారట. మాకు వెర్నా ఉందని మేం చెప్పుకునేవాళ్లం.

ఫిబ్రవరి చివరి గురువారం వ్యాసంలో కుళ్లే డబ్బాలో ఇది వచ్చింది: "సెనేటులో మెజారిటీ నాయకుడు ఒక బిల్లు తెచ్చారు. నలభై నిమిషాలు దాన్ని పొగిడారు. ఓటింగులో తానే వద్దన్నారు. వండినాయన ముట్టని కూర మనకు వడ్డించడమెందుకు? మూత గట్టిగా బిగించండి." నాకు ఎంత నచ్చిందంటే 'తన బిల్లుకు తానే శత్రువు' అని పైన పెద్దక్షరాలతో శీర్షిక పెట్టాను. ఆ శీర్షిక నాది. ఈ కథలో నా వాటా అదే కాబట్టి ముందే ఒప్పుకుంటున్నాను.

శనివారం హార్లన్ ఎనిమిదింటికే వచ్చాడు. చెత్త దించలేదు. ఆ పసుపు కాగితం ముక్క చేత్తో పట్టుకుని వెర్నా కుర్చీ ముందు నిలబడ్డాడు. నేను షెడ్డులో ఎవరో వదిలేసిన దీపం స్టాండు బాగుందా లేదా అని చూస్తున్నాను.

"కామ్రేడ్, మన షెడ్డుకు కప్పు ఎలా వచ్చిందో గుర్తుందా?" అన్నాడు.

"నీలాంటి పిసినారులు ఎంతమంది వద్దన్నా వచ్చింది," అంది వెర్నా.

"ఆ రోజు నువ్వు ఎటు చెయ్యెత్తావు?"

నా చేతిలో దీపం స్టాండు అలాగే ఉండిపోయింది. మూడేళ్ల కిందటి సంగతి మా అందరికీ ఒక్కసారి గుర్తొచ్చింది.

మా ఊరి పరిపాలన ఏడాదికి ఒకరోజు, మార్చి మొదటి మంగళవారం, బడి వ్యాయామశాలలో ఊరంతా కూర్చుని చేతులెత్తి చేసుకుంటాం. ఒకసారి ఓడిన అంశాన్ని మళ్లీ ఓటుకు పెట్టమని అడగవచ్చు గానీ, అడిగే హక్కు గెలిచిన పక్షాన ఓటేసినవాళ్లకే ఉంటుంది. షెడ్డు కప్పు ఓడిపోయేలా ఉందని చూసి, ఆ కప్పు కోసం ఊరంతా తిరిగిన వెర్నాయే చివరి క్షణంలో వద్దు అనేవాళ్లతో చెయ్యెత్తింది. అంశం ఓడింది. వెంటనే లేచి, నేను గెలిచిన పక్షాన ఉన్నాను, మళ్లీ ఓటు పెట్టమంది. దానిమీద మాటలు సాగేలోగా భోజనానికి వెళ్లినవాళ్లు తిరిగొచ్చారు. కప్పు ఆరు చేతుల తేడాతో నెగ్గింది. మేం ఆ సంవత్సరమంతా ఆ తెలివి గురించే చెప్పుకున్నాం.

సెనేటు నాయకుడు చేసిందీ అదే. బిల్లు ఓడిపోతోందని చూసి, మళ్లీ తెచ్చే హక్కు కోసం వద్దన్నాడు. అక్కడ నియమం కూడా మా నియమం లాంటిదే.

"వార్తలో ఆ మాట లేదు," అంది వెర్నా మెల్లగా.

"ఉంది. లోపలి పేజీలో. నేను చదివాను."

"నా దగ్గరికొచ్చిన పత్రికలో లోపలి పేజీ లేదు."

హార్లన్ కాసేపు బూట్ల వంక చూసుకున్నాడు. అది నా పత్రికే, ఆ పేజీతో పాకం పొయ్యి వెలిగించాను, అన్నాడు.

నాకు ప్రాణం లేచొచ్చింది. వెర్నాకు మంచి సాకు దొరికిందనుకున్నాను. ఆవిడ ఆ సాకును ముట్టుకోలేదు. "పేజీ నువ్వు కాల్చావు సరే. నియమం నాకు తెలుసుగా. నా చేత్తో నేనే చేశానుగా," అంది. కుర్చీలోంచి లేచి, హార్లన్ ట్రక్కులో చెత్త తానే దించడం మొదలుపెట్టింది. అతను వద్దంటున్నా వినలేదు.

ఆ మధ్యాహ్నం వెర్నా ఇంటికి వెళ్లాను. నేను ఆలోచించిపెట్టుకున్న దారి ఒకటుంది. సెనేటు నాయకుడు వద్దని ఓటేశాడా? వేశాడు. మరి మనం రాసిందాంట్లో తప్పేముంది? అక్షరం అక్షరం నిజమే. ఇదంతా నేను గడగడా చెప్పుకుపోతుంటే వెర్నా కాఫీ పోస్తూ వింది. తర్వాత, ఇలాంటి జవాబులు చెప్పేవాళ్లను నేను ఏ డబ్బాలో వేస్తానోయ్ అని అడిగింది. రెండో డబ్బా అని నేనే చెప్పాల్సొచ్చింది. కాఫీ చాలా వేడిగా ఉందని వంక పెట్టి కాసేపు దాని వైపే చూశాను.

సవరణ తనే రాసింది. రాజకీయ నాయకులు క్షమాపణ చెప్పినట్టు 'ఎవరి మనసైనా నొచ్చుకుని ఉంటే' అనే మాట అందులో రాకూడదంది. చివరి పేజీలో చీమల అక్షరాలతో వేయకూడదంది. శీర్షిక ఎంత పెద్దగా వేశావో ఇది అంతే పెద్దగా, అదే చోట వెయ్యమంది. వేశాను. "గతవారం సెనేటు మెజారిటీ నాయకుడి మీద తప్పు రాశాను. ఆయన చేసింది తెలివైన పని. అదే పని నేను చేసినప్పుడు మీరంతా చప్పట్లు కొట్టారు. ఆయన బిల్లు ఇప్పటికీ నాకు నచ్చదు, అది వేరే సంగతి. మాట ఇచ్చాను కాబట్టి డబ్బాలకు ఇవాళ్టితో తాళం." కింద ఖాళీ వదిలేశాను. పన్నెండేళ్లలో నాలుగో పేజీలో తెల్లకాగితం కనబడటం అదే మొదలు.

ఆ తర్వాతి మంగళవారమే ఊరి సభ. వ్యాయామశాలలో బాస్కెట్‌బాల్ బుట్టల కింద మడత కుర్చీలు, ఒళ్లో అల్లిక పట్టుకున్న ఆడవాళ్లు, బూట్లకంటిన మంచు కరిగి మడుగులు. వేదిక మీద పశువుల డాక్టరు ఎల్డన్ ట్రాస్క్. ఇరవై ఏళ్లుగా సభ నడిపేది ఆయనే. అక్కడ ఎవరూ ఎవరితోనూ నేరుగా మాట్లాడకూడదు, ఏమన్నా అధ్యక్షుడితోనే అనాలి. నేను ఆ రోజు చేతులు రెండూ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. కిందటేడు తల గోక్కుంటే, మంచు తీసే కొత్త యంత్రానికి నా ఓటు పడింది.

రోడ్లు, బడి, శ్మశానం కంచె అయ్యాయి. భోజనానికి బీన్స్, నల్ల రొట్టె, పండ్లు కూరి కాల్చిన పైలు పదకొండు రకాలు. హార్లన్ ఒక్క ముక్కే తిన్నాడని నా పక్కనావిడ గమనించి చెప్పింది. ఆయన మూడు తింటాడట మామూలుగా.

చివరి అంశం 'ఇతర విషయాలు'. అక్కడ ఏమైనా అడగొచ్చు, ఏం తేల్చినా ఊరి అభిప్రాయమే, చట్టం కాదు. లైబ్రరీ నడిపే మిరియం హోల్ లేచి, వెర్నా పెల్కీ తన వ్యాసం ఆపకూడదని ఈ ఊరు కోరుతోంది అని తీర్మానం పెట్టింది. కొందరు చప్పట్లు కొట్టబోతే ఎల్డన్ చెయ్యెత్తి ఆపాడు.

వెర్నా లేచింది. సభ వైపు ఒకసారి తల తిప్పి చూసింది. అది బస్సు అద్దంలోంచి చూసే చూపే.

"అధ్యక్షా, నేను మాటిచ్చాను. మాట తప్పినవాళ్ల మీద ఆరువందల వారాలు రాశాను. నన్ను వాళ్ల వరుసలో నిలబెట్టకండి. వద్దనండి," అంది. కూర్చుంది.

కావాలన్న చేతులు నలభై ఒకటి. వద్దన్నవి యాభై ఎనిమిది. ఊళ్లో సగం మంది ఇంకా ఆ బస్సు దిగలేదని అప్పుడు తెలిసింది. ఆ యాభై ఎనిమిదిలో ఒక చెయ్యి పొడుగ్గా, పాకం మరకలతో, అన్నిటికంటే పైకి ఉంది. హార్లన్‌ది. నా పక్కనావిడ ఛీ అంది, అల్లిక సూది నా తొడకు గుచ్చుకునేంత విసురుగా తిరిగి.

ఎల్డన్ తీర్మానం ఓడిందని చెప్పి కాగితాలు సర్దుకుంటున్నాడు. హార్లన్ లేచాడు.

"అధ్యక్షా, నేను గెలిచిన పక్షాన ఓటేశాను. మళ్లీ ఓటు పెట్టమని అడుగుతున్నాను."

వెనక వరసల్లోంచి నవ్వు మొదలై ముందుకొచ్చింది. వెర్నా నవ్వలేదు. మెడ దాకా ఎర్రబడింది.

కారణం చెప్పమన్నాడు ఎల్డన్. హార్లన్ టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. అతను సభలో మాట్లాడటం మేం ఎప్పుడూ వినలేదు, డంపులోనే అన్నీ అయిపోయేవి.

"ఈవిడ రాసేదాంట్లో ఒక్క ముక్క నాకు నచ్చదు. అధ్యక్షుడి ద్వారా చెబుతున్నాను, ఆవిడకు కూడా వినబడేలా. పన్నెండేళ్లు తప్పు కోసం వెతికాను. ఒకటి దొరికింది. దొరికిన వారంలో పత్రికలో నెత్తిమీద వేసుకుంది, నా పొయ్యి పేరెత్తకుండా. ఆవిడ పక్షంలోగానీ నా పక్షంలోగానీ వాషింగ్టన్‌లో అలా చేసినవాణ్ని ఒక్కణ్ని చూపించండి, ఇప్పుడే కూర్చుంటాను. తప్పు ఒప్పుకునేవాళ్లను ఇంటికి పంపేస్తే, ఇక రాసేది ఎవరు? ఎన్నడూ ఒప్పుకోనివాళ్లేగా?"

కూర్చోబోయి మళ్లీ లేచి, "పైగా శనివారాలు నాకు తోచడంలేదు," అన్నాడు.

మళ్లీ ఓటు పెట్టడానికి సభ ఒప్పుకుంది. ఈసారి కావాలన్నవి ఎనభై ఏడు. అందులో నా చెయ్యి ఉంది, తల గోక్కోడానికి కాదు. వద్దన్నవి పన్నెండు. ఆ పన్నెండింటిలో వెర్నా చెయ్యి నిటారుగా ఉంది. లెక్క చెప్పీ చెప్పకముందే ఆవిడ లేచి, మళ్లీ ఓటు పెట్టమని అడగబోయింది.

ఎల్డన్ కళ్లజోడు పైనుంచి చూశాడు. ఆ చూపు ఆయన ఎనిమిదేళ్ల వయసులో ఆ బస్సులోనే నేర్చుకుని ఉంటాడు.

"వెర్నా, నువ్వు ఓడిన పక్షాన ఓటేశావు. అడిగే హక్కు నీకు లేదు. కూర్చో," అన్నాడు.

ఆవిడ నిలబడే ఉంది. తాళం వేసుకునే హక్కు మాత్రం ఆవిడకు ఇంకా ఉందని మాకందరికీ తెలుసు. ఇది చట్టం కాదుగా. ఆవిడ కాదంటే ఎవరూ ఏమీ చెయ్యలేరు. అల్లిక సూదులు కూడా ఆగాయి.

"ఓటును లెక్కచెయ్యని వాళ్ల మీద కదా ఇన్నాళ్లూ రాసింది," అంది చివరికి, ఎవరితోనో కాదు, తనతోనే. "ఇప్పుడు నేనెలా లెక్కచెయ్యకుండా ఉంటాను?" కూర్చుంది. మోకాళ్లు రెండూ టకటకమన్నాయి.

అమెరికాలో ప్రజాస్వామ్యం ఎలా ఉందని ఎవరైనా అడిగితే నేను పెద్ద మాటలు చెప్పలేను. మా ఊళ్లో ఆ మంగళవారం మూడున్నరకు బాగానే ఉంది, నేను చూశాను అని చెబుతాను. చెప్పేటప్పుడు కొంచెం ఛాతీ విరుచుకుంటాను కూడా. మా ఆవిడ అది చూసి నవ్వుతుంది.

ఆ శనివారం డంపులో బురద మొదలైంది. హార్లన్ తొమ్మిదింటికి వచ్చాడు. తన వారం పత్రికల కట్ట తాడుతో కట్టి, వెర్నా ఒళ్లో పెట్టాడు. ఆవిడ తాడు విప్పి పేజీలు ఒక్కొక్కటే లెక్కపెట్టింది. లోపలివీ బయటివీ అన్నీ ఉన్నాయి.

"మరి ఈ వారం పొయ్యి దేంతో వెలిగించావు సెనేటరు గారూ?"

"కూరియర్ నాలుగో పేజీతో. ఎక్కువ భాగం తెల్లగా ఉంది. సరిగా అంటుకోలేదు," అన్నాడు హార్లన్. "వచ్చేవారం నింపు."

వెర్నా ముక్కు మీదికి కళ్లజోడు దించుకుని మొదటి పత్రిక విప్పింది. నేను షెడ్డులోకి వెళ్లి చూస్తే, దీపం స్టాండును ఎవరో పట్టుకుపోయారు.